నష్టమేమీ లేదన్న రైతు

థూరా ఆ రోజు తెల్లవారకముందే ఓవెన్ వెలిగించింది. ఏడు రకాల మెత్తటి కేకులు, ఏడు రకాల గట్టి బిస్కెట్లు సిద్ధం కావాలి. మా దక్షిణ జట్లాండ్‌లో పెళ్లికైనా చావుకైనా కాఫీ బల్ల మీద ఇన్నీ ఉండాల్సిందే. ఒకటి తగ్గితే ఆ ఇల్లాలి గురించి పదేళ్లు చెప్పుకుంటారు. అయితే ఆ రోజు వాళ్లింట్లో పెళ్లీ లేదు, చావూ లేదు. కొత్త రహదారి కోసం వాళ్ల పొలాన్ని రెండు ముక్కలు చేయడానికి ప్రభుత్వ భూసేకరణ కమిషన్ వస్తోంది.

భూమి పట్టుకుపోయేవాళ్లకు కేకులేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. మా వైపు వాకిట్లో అడుగుపెట్టిన మనిషి ఎవరైనా కాఫీ తాగకుండా వెళ్లకూడదు. ఆ ఆచారాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ ఆచారమే ఒక కుటుంబం కొంప ఎలా ముంచబోయిందో, మరో కుటుంబం కొంప ఎలా ముంచిందో చెప్పకుండా ఉండలేను.

కమిషన్ బస్సులో వచ్చి దిగింది. అధ్యక్షుడు, సభ్యులు, రోడ్డు ఇంజినీర్లు, ప్రతి మాటా టైపు చేసుకునే కార్యదర్శి. అందరూ రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చారు. ఇక్కడి చట్టం ప్రకారం విచారణ ఆఫీసు గదిలో కాదు, పోయే నేల మీదే జరుగుతుంది. రైతును తన మట్టి మీద నిలబెట్టి, నీకేం నష్టమో చెప్పమంటారు. దారి పొడవునా భూములు పోయే రైతులందరూ ఒకరి పొలంలోకి ఒకరు నడిచి వెళ్లి వింటారు. ఇంతకన్నా మంచి పద్ధతి నేనైతే ఎక్కడా వినలేదు.

మొదటి పొలం వౌటర్‌ది. అతను పన్నెండేళ్ల కిందట హాలండ్ నుంచి వచ్చి ఇక్కడ పాడి పెట్టుకున్నవాడు. చంకలో కాగితాల దస్త్రం, పక్కన లాయరు.

"నా ఆవులు నూట ఇరవై. కొట్టం ఇటు, గడ్డి అటు. మధ్యలో మీ రోడ్డు," అన్నాడు వౌటర్, చేత్తో గాలిలో గీత గీస్తూ. "రోడ్డు కింద నుంచి నా ఆవులకి దారి వేయండి. వేయకపోతే ఏడాదికి నాకెంత నష్టమో ఇందులో రాశాం. చదువుకోండి."

మావాళ్లందరూ ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూసుకున్నారు. పదిమందిలో డబ్బు మాట ఎత్తిన మనిషిని చూడాలంటే మాకు అంత ఇబ్బంది.

"ఇంకా నయం, ఆవులకి లిఫ్టు పెట్టించమనలేదు," అని లౌస్ట్ గొణిగాడు. లౌస్ట్ థూరాకు అన్న. అతని అరవై ఆవుల పాడి ఆ దారిలో చివరిది.

"ఊరుకో బావా, వింటాడు," అన్నాడు థూరా భర్త అస్మూస్.

"విననీ. డచ్చివాడికి సిగ్గేంటి? మనం అలా అడిగితే మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి చెంప పగలగొడతాడు."

తరువాత అందరూ అస్మూస్ పొలంలోకి నడిచారు. రోడ్డు హద్దులు చూపే ఎర్ర తలల కొయ్యలు పచ్చగడ్డి మధ్య రెండు వరసలుగా పాతి ఉన్నాయి. ఇటు కొట్టం, అటు ముప్పై హెక్టార్ల గడ్డి. మధ్యలోని ఆరు హెక్టార్లు రోడ్డుకు పోతాయి.

"మీ నేల ఎలాంటిది, అస్మూస్?" అని అధ్యక్షుడు మర్యాదగా అడిగాడు.

"ఏదో... పర్లేదు."

"దిగుబడి?"

"మరీ తీసేసేలా ఉండదులెండి."

"రోడ్డు పడ్డాక ఆవులు అవతలికి ఎలా వెళ్తాయి?"

అస్మూస్ అవతలి గడ్డి వైపు చూశాడు. ఆరు నెలలుగా అతనికి నిద్ర లేకుండా చేసిన ప్రశ్న అదే. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాని వెనక ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. పక్కనే వౌటర్ దస్త్రంతో ఉన్నాడు. తనను కూడా వాడితో జమ కడతారేమోనని అస్మూస్‌కు సిగ్గేసింది.

"చూసుకుంటాం. ఎలాగోలా సర్దుకుంటాం."

"ఇంకేమైనా నష్టం ఉంటే చెప్పండి. అది వినడానికే వచ్చాం మేము."

"నష్టమేమీ లేదండీ," అన్నాడు అస్మూస్.

కార్యదర్శి ఆ మాట అలాగే టైపు చేసుకున్నాడు.

ఇక్కడ మావాళ్ల సంగతి కొంచెం చెప్పాలి. జట్లాండ్ రైతు పంట విరగపండితే పర్లేదంటాడు. మొత్తం నీళ్లపాలైతే అంత బాగా రాలేదంటాడు. ఇల్లు తగలబడుతుంటే కాస్త వెచ్చగా ఉందంటాడు. పక్కింటి రైతుకు ఆ మాట వెనక ఎంత ఉందో తెలుసు కాబట్టి ఇన్ని తరాలూ బండి నడిచింది. రాజధాని నుంచి బస్సులో వచ్చినవాళ్లకు అది ఎలా తెలుస్తుంది? వాళ్లు విన్నది రాసుకున్నారు. వాళ్లను నేను అననుగాని, అస్మూస్‌ను మాత్రం అంటాను. గొప్పలు చెప్పకపోవడం వేరు, ఉన్నది చెప్పకపోవడం వేరు. ఆ తేడా అతనికి ఎవరూ నేర్పలేదు.

తరువాత కాఫీ. కమిషన్ వాళ్లు ఆకలి మీదున్నారు, కేకులను మెచ్చుకుని తిన్నారు. అధ్యక్షుడు మూడోరకం కేకు పూర్తిచేసి, మూతి తుడుచుకుని, పరిహారం కాగితం బల్ల మీద పెట్టాడు. ఆరు హెక్టార్ల నేలకు ధర ఉంది. అంతకుమించి ఏమీ లేదు. ఒప్పుకుంటే అక్కడికక్కడే సంతకం చేసి ముగించవచ్చని చెప్పాడు. మన చేతి కేకు తిన్న అతిథితో మన బల్ల దగ్గరే బేరమాడటం మా ఊళ్లో పుట్టి పెరిగినవాడి వల్ల అయ్యే పని కాదు. అస్మూస్ కలం అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడు కొట్టంలోంచి ఒక ఆవు అరిచింది. థూరా పరుగున వెళ్లి చూసి, తలుపు దగ్గర నుంచే కేకేసింది.

"అస్మూస్, తొందరగా రా! దూడ అడ్డం తిరిగింది. నా ఒక్కదాని వల్ల కాదు!"

అతను క్షమించమని చెప్పి, చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్లాడు. గంట దాటినా రాలేదు. బస్సు లౌస్ట్ పొలానికి వెళ్లాల్సిన వేళయింది. సంతకం లేదు కాబట్టి తమ నిర్ణయాన్ని ఉత్తరంలో పంపుతామని చెప్పి కమిషన్ లేచింది. లౌస్ట్ పొలంలో పని పావుగంటలో అయిపోయింది. బస్సు ఇంజను నడుస్తుంటే పెద్దమనుషులను నిలబెట్టడం బాగుండదని అతను తన ట్రాక్టర్ బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసేశాడు.

రెండు వారాలకు అస్మూస్‌కు ఉత్తరం వచ్చింది. థూరా దాన్ని నిలబడి చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చుంది.

"మిగిలిన భూమికి కలిగే ఇతర నష్టం: లేదని యజమాని తెలిపారు," అని పైకి చదివి మొగుడి వైపు చూసింది. "లేదని తెలిపావా?"

"అలా అనలేదు. అంటే... అన్నాను. మాట వరసకి."

"మాట వరసకి! ఎనభై ఆవులు. పాల సంఘం నియమం నీకు తెలీదా? ఎండాకాలం అంతా ఆవు బయట గడ్డి మేయాలి. కొట్టంలో కట్టేస్తే మన పాలు వాళ్లు కొనరు. రోడ్డు మీద కట్టే వంతెన చుట్టి వెళ్తే ఆరు కిలోమీటర్లు. పాలిచ్చే గొడ్డు పూటపూటా ఆరు కిలోమీటర్లు నడుస్తుందా? నువ్వు నడిపిస్తావా, వీపున మోస్తావా?"

"మరి ఏం చేయమంటావు? వౌటర్‌లా చేతులు చాపి అడుక్కోమంటావా? అడుక్కోవడం మా ఇంటా వంటా లేదు."

"వౌటర్‌కి దారి ఇచ్చారు. తెలుసా నీకు?"

అస్మూస్‌కు తెలియదు. అతను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. బయటి గడ్డిని చూస్తూ, "లాయరు ఖర్చెవడు భరిస్తాడు?" అన్నాడు. అది ఒప్పుకోలు కాదు, కాదనడమూ కాదు. థూరా ఇక అతనితో వాదించలేదు. ఉత్తరంలో చివరి పేరా మళ్లీ చదివింది. నిర్ణయం నచ్చకపోతే నాలుగు వారాల్లోగా పైకమిషన్‌కు చెప్పుకోవచ్చని ఉంది. ఆమె ఫోన్ తీసి అస్మూస్ మేనత్త కాట్రీనను పిలిచింది.

కాట్రీనకు ఎనభై ఒకటి. ఒకప్పుడు ఆమె ఇలాంటి కమిషన్‌లోనే ఇరవై ఆరేళ్లు కార్యదర్శిగా పనిచేసింది. ఊరంతా ఆమెను గౌరవిస్తుంది, కొంచెం భయపడుతుంది కూడా. మర్నాడే సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, టోపీ అయినా తీయకుండా ఉత్తరం చదివింది.

"అధ్యక్షుడు నిన్ను అడిగాడా, నష్టం ఏముందని?"

"అడిగాడత్తా."

"రెండుసార్లు?"

"ఆ. రెండుసార్లు."

"అయితే ఆయన పని ఆయన చేశాడు. నీ పని నువ్వు చేయలేదు," అంది కాట్రీన. "ఇరవై ఆరేళ్లు నేను రైతుల మాటలు రాశాను, అస్మూస్. గొంతు వణికేవాళ్లని చూశాను, ఏడుపు మింగేవాళ్లని చూశాను. కళ్లలో అంతా కనిపించేది. కాని కళ్లలో కనబడింది రాయడానికి నాకు హక్కు లేదు. నోటితో చెప్పిందే రాయాలి. నష్టమేమీ లేదన్నవాడి పేరు పక్కన నేనూ లేదనే రాశాను. ఎంతమందికి రాశానో! ఆ తరువాత వాళ్ల పొలాలు అమ్మకానికి పెట్టిన ప్రకటనలు పేపర్లో చూసేదాన్ని."

అస్మూస్ తలవంచుకున్నాడు. "నేను రోడ్డు వద్దనలేదత్తా. జనానికి కావాలి. అంబులెన్సులు తిరగాలి. ఆ పని మీద కూడా నేను డబ్బు పిండుకుంటే ఎలా?"

"పిచ్చివాడా, రోడ్డు ఎవరిది?"

"అందరిదీ."

"మరి దాని బరువు ఒక్కడి వీపు మీద ఎందుకు పడాలి? అందుకే కదా మన రాజ్యాంగంలో రాసుకున్నాం! జనం మేలు కోసం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు. తీసుకుంటే చట్టం ప్రకారం తీసుకోవాలి. పూర్తి పరిహారం ఇచ్చి తీసుకోవాలి. పూర్తి అంటే తారు పరిచే ఆరు హెక్టార్లకే కాదు. మిగిలిన పొలం తెగిపోయినందుకు, నేల కింద నీళ్లు పోయే గొట్టాలు తెగినందుకు, ఆవులకి దారి లేకపోయినందుకు కూడా. సాయానికి పెట్టుకున్న లాయరుకి సబబైన ఖర్చు కూడా కోరుకోవచ్చు. ఇది ఎవరూ నీకు పడేసే భిక్ష కాదు."

"వౌటర్‌కి ఇదంతా ఎలా తెలిసింది?"

"చదివాడు. రైతు హక్కుల పుస్తకం కమిషన్ ముందే అందరికీ పంపింది, నీకూ పంపింది. ఏం చేశావు దాన్ని?"

అస్మూస్ వంటగది వైపు చూశాడు. అది వంటగదిలో ఊగే బల్ల కోడు కింద ఉందని థూరాయే చెప్పింది. కాట్రీన నవ్వలేదు. గడువు ముగియడానికి ఎన్ని రోజులుందో క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

ఆ నెల అస్మూస్‌కు నరకమే. అతను ఫిర్యాదు పెట్టాడన్న కబురు పాల సంఘం ఆఫీసులో మొదలై ఊరంతా తిరిగింది. "ఏం అస్మూస్, నువ్వూ డచ్చి నేర్చుకుంటున్నావట?" అని ఒకడు ఎరువుల కొట్లో అందరి ముందూ అన్నాడు. అస్మూస్ ఎరువు కొనకుండానే తిరిగి వచ్చేశాడు. అవమానం అంటే అతనికి అంతవరకు తెలియదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుందామా అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ థూరా అతన్ని చేయి పట్టుకుని కొట్టంలోకి తీసుకెళ్లి ఆవుల ముందు నిలబెట్టింది.

పైకమిషన్ నవంబరులో, వాన తుంపర్లో వచ్చింది. థూరా కేకులన్నీ చేసింది, ఒక్కటి కూడా తగ్గించలేదు. కాని తలుపు దగ్గరే నిలబడి, "కాఫీ ఉంది. ముందు పొలం చూసి, మాట పూర్తి చేసుకుని, అప్పుడు రండి," అని చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అతిథులతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ముఖం కందిపోయింది.

పొలంలో కొత్త అధ్యక్షురాలు అడగవలసినవి అడిగింది. అస్మూస్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఊరివాళ్లు ఉన్నారు, లౌస్ట్ కూడా ఉన్నాడు. అందరిలోకి వెనక కాట్రీన సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది..." అని ఆగాడు. "ఇది మంచి నేల. ఈ చుట్టుపక్కల దీనికి మించింది లేదు."

ఆ ఒక్క మాట అనేసరికి అతనికి చెమటపట్టింది. వెనక ఎవరో దగ్గారు. అయినా అతను ఆగలేదు.

"మా తాత ఈ నేల కింద మట్టి గొట్టాలు వేశాడు, నీళ్లు వాగులోకి పోవడానికి. మీ రోడ్డు వాటిని పదకొండు చోట్ల కోస్తుంది. కోస్తే పై పొలం అంతా చిత్తడి అవుతుంది. నా ఆవులు అటు వెళ్లలేకపోతే నా పాలు కొనరు. పాలు కొనకపోతే రెండేళ్లలో నేను ఇక్కడ ఉండను. పోయినసారి నష్టం లేదన్నాను. అది అబద్ధం. సిగ్గుపడి చెప్పిన అబద్ధం. దాన్ని కొట్టేసి ఇది రాసుకోండి."

రాసుకున్నారు. ఇంజినీర్లు గొట్టాల చోట్లకు నడిచి వెళ్లి చూశారు. కొద్ది వారాల తరువాత వచ్చిన నిర్ణయంలో ఆవులకు రోడ్డు కింద దారి ఉంది, గొట్టాలు తిరిగి వేయించే బాధ్యత ఉంది, పొలం తెగినందుకు వేరే పరిహారం ఉంది. అడిగినదంతా రాలేదు. బతకడానికి సరిపోయింది.

కథ ఇక్కడ ఆపేస్తే వినడానికి హాయిగా ఉంటుంది. కాని లౌస్ట్ ఉన్నాడు కదా.

అస్మూస్ సంగతి తెలిశాక లౌస్ట్ కూడా లాయరు దగ్గరికి వెళ్లాడు. లాయరు ఒప్పందం కాగితం చూసి, సంతకం మీదేనా అని అడిగాడు. తనదే. బలవంతం చేశారా? లేదు. అబద్ధం చెప్పారా? లేదు. ప్రశ్న అడగలేదా? అడిగారు. అయితే చేయగలిగింది ఏమీ లేదన్నాడు లాయరు. లౌస్ట్ గడ్డి కూడా రోడ్డుకు అవతలే పడింది, అందుకే మార్చిలో లారీ వచ్చి అమ్మేసిన అరవై ఆవులనూ ఎక్కించుకుంది. అస్మూస్, థూరా సాయానికి వెళ్లారు. ఎక్కనని మొండికేసిన ముసలి ఆవును లౌస్ట్ తనే మెడ పట్టుకుని, చెవిలో ఏదో చెబుతూ ఎక్కించాడు.

"ముందే నాకెందుకు చెప్పలేదన్నయ్యా, కాట్రీన అత్త దగ్గరికి తీసుకెళ్లేదాన్ని కదా!" అని థూరా ఏడ్చింది.

"సంతకం పెట్టాక ఇక చేసేదేముంది? మీ ఆయన్ని దూడ కాపాడింది. నా కొట్టంలో ఆ రోజు ఏ ఆవూ ఈనలేదు." లౌస్ట్ ఖాళీ కొట్టం తలుపు వేసి అస్మూస్ వైపు తిరిగాడు. "ఊళ్లో అందరూ లౌస్ట్ మర్యాదస్తుడంటారు బావా. ఇప్పుడు నాకు మిగిలిందదే."

ఒక దూడ పుట్టుక మీద ఆధారపడవలసినదా రైతు హక్కు?

ఆ వేసవిలో రహదారిని ఉత్తరానికి పొడిగిస్తారన్న వార్త వచ్చింది. ఆ వైపు రైతులు తమ ఊరి హాలులో సమావేశం పెట్టుకున్నారు. బల్లల మీద కాఫీ, కేకులు. కమిషన్‌వాళ్లు మంచివాళ్లేనట, అంతా సాఫీగా అయిపోతుందట అని చెప్పుకుంటున్నారు. అప్పుడు తలుపు దగ్గర కూర్చున్న ఒక కొత్త మనిషి లేచి నిలబడ్డాడు. జీవితంలో పదిమంది ముందు ఎన్నడూ మాట్లాడనివాడు. టోపీని రెండు చేతులతో నలుపుతున్నాడు.

"నా పేరు లౌస్ట్. నాకు అరవై ఆవులుండేవి," అన్నాడు. "నన్నెవరూ మోసం చెయ్యలేదు. ఏం నష్టమని అడిగారు. నేనే లేదన్నాను, మా ఊళ్లో అందరూ నన్ను మంచివాడనుకోవాలని. మీ పొలంలోకి వాళ్లు వచ్చినప్పుడు మర్యాద కాఫీ దగ్గర చూపించండి, సంతకం దగ్గర కాదు. పోయేదంతా చెప్పండి, చెప్పింది రాయించండి, రాసింది చదివించుకుని అప్పుడు కలం పట్టండి. భూమి ఇచ్చేవాడు పూర్తి పరిహారం అడగడం దురాశ కాదు, అది అతని హక్కు; అడగకుండా ఊరుకుంటే ఆ హక్కుని తన చేత్తో తనే పారేసుకున్నట్టు, నాలాగా."